కొండ మీద పెళ్లికి ఏ నెల?

"వసంతంలో అయితే కొండంతా పూలుంటాయి," అన్నాడు నేను ఎవరితో లేచిపోబోతున్నానో ఆ ఫోటోగ్రాఫర్.

"మోకాలిలోతు బురద కూడా ఉంటుంది. నోరు మూసుకుని విను. వానలు వెలిశాక, మంచు పడకముందు, అక్టోబరు పన్నెండు. తిరుగులేదు!"

నా ధీమా అంతా నాన్న చలవే. కొండ మీది వాతావరణ కేంద్రంలో ముప్పై ఏళ్లుగా నాన్న రోజూ రాస్తున్న రిజిస్టర్లన్నీ దొంగచాటుగా తిరగేశాను. నాన్నకు చెప్పకుండా లేచిపోవడానికి నాన్న లెక్కలే వాడుకున్నాను. ఈ ఏటి రిజిస్టరులో పన్నెండో తేదీ ఖాళీ గడిలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి, చెరపడం మరిచిపోయాను.

పదకొండో తేదీ సాయంత్రం ఆ టిక్కు గుర్తొచ్చి కేంద్రానికి పరుగెత్తాను. కొలవకుండా ఏనాడూ ఒక్క అంకె రాయని మనిషి, రేపటి గడి ఈరోజే నింపేశాడు:

"ఎండ కాస్తుంది. పదకొండింటికి గాలి పుంజుకుంటుంది. తొమ్మిదిలోపే కానివ్వండి."