వెనక్కి తొక్కిన నిమ్మకాయలు

కేతేపల్లిలో ఐలేశం డీసీఎం బండిని ఎరగనివాళ్లు లేరు. వడ్ల బస్తాలైనా, బత్తాయిలైనా, పెళ్లివారి మంచాలైనా అందులోనే పోవాలి. హైవే పక్క హోటల్ ముందు పెట్టినన్నాళ్లు రెండుసార్లు డీజిల్ తీశారు, ఒకసారి బ్యాటరీయే విప్పుకుపోయారు. అప్పటినుంచి బండిని ఇంటి వాకిట్లోకే తెస్తున్నాడు. మూతి వాకిట్లో ఉంటే, వెనుక భాగం సందుకు అడ్డంగా వచ్చి ఎదురింటి నర్సింగమ్మ గేటుకు మూరెడు దూరంలో ఆగుతుంది.

మొదట్లో పొద్దున బండి తీసేటప్పుడు నర్సింగమ్మే గేటు దగ్గర నిలబడి, "రానీ, రానీ, ఇగ ఆపు" అని బండిని చేత్తో చరిచేది. కోడలు నిరోషకు నెలలు నిండుతున్నకొద్దీ, సందుకు బండి అడ్డమన్న సణుగుడు మొదలై, ఆ పిలుపు ఆగిపోయింది.

ఎనిమిదో నెల పరీక్షకు పోవాల్సిన రోజు ఆటో సందులోకి రాలేకపోయింది. ఐలేశం మిర్యాలగూడలో లోడు దించి వచ్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. నిరోష ఎండలో సందు చివరిదాకా నడిచి, కళ్లు తిరిగి పాలకేంద్రం మెట్ల మీద కూలబడింది.

సాయంత్రం నర్సింగమ్మ నడుముకు కొంగు చుట్టుకొని వచ్చింది.

"ఏం ఐలేశం, సందును నీ బాపు నీకు రాసిచ్చి పోయిండా? రేపు నొప్పులొస్తే పిల్లను నీ బండి మీదికెల్లి దాటియ్యాల్నా?"

"యాడ పెట్టమంటవ్ వదినె?"

"నా నెత్తిమీద పెట్టు. గీ సందుల మాత్రం వద్దు. నీ బండి మన్నుల కలవ. దాని పెయ్యంత తుప్పు పట్ట."

 తనను తిట్టి ఉంటే ఐలేశం దులుపుకునేవాడు. ఆమె బండిని తిట్టింది. రాత్రి కంచం ముందునుంచి లేచిపోయి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

తెల్లవారితే అమావాస్య. ఆ రోజు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించడం బండ్లవాళ్లందరూ చేసేదే. బండికి తగిలిన దిష్టి ఆ కాయలతో పోతుందని నమ్మకం. అయితే ఎప్పుడూ ముందుకే తొక్కించాలి; వెనక్కి తొక్కిస్తే ఆ దిష్టి వెనుకున్నవాళ్లకు తగులుతుందంటారు. ఐలేశం ప్రతి అమావాస్యకూ బండిని రోడ్డు మీదికి తీసుకుపోయి ముందుకు తొక్కించేవాడు. ఈసారి వాకిట్లో ఉన్నది ఉన్నట్టే ఉంచి, టైర్ల వెనుక కుంకుమ రాసిన కాయలు పెట్టి, రివర్స్ గేరు వేశాడు.

హారతి పళ్లెం పట్టుకున్న భార్య అండాలు తెల్లబోయింది. "గదేంది, ఎన్కకు తొక్కిస్తున్నవ్?"

"ఎట్లయితేంది," అన్నాడు.

ఒక కాయ చితికి, సగం చెక్క ఎగిరి నర్సింగమ్మ గేటులోపల, ముగ్గు మీద పడింది. ఐలేశం అద్దంలో చూశాడు. దిగలేదు. బండి తిప్పుకొని సూర్యాపేట లోడుకు పోయాడు.

గేటు తీయడానికి వచ్చిన నిరోష ఆ చెక్కను ఉత్తకాలితో తొక్కింది. మధ్యాహ్నానికి నొప్పులు మొదలయ్యాయి. నల్లగొండ దవాఖానలో చేర్చారు. నెలలు నిండలేదు, పడుకోబెట్టి చూడాలన్నారు. ముగ్గులో పడ్డ కుంకుమ చెక్క సంగతి పాకి, రెండో రోజుకల్లా ఊరంతా ఒకటే మాట: ఐలేశం చేతబడి చేశాడు. బత్తాయిల లోడు చెప్పిన రైతు వేరే బండిని పిలుచుకున్నాడు. అండాలు కిరాణా దుకాణానికి పోతే అక్కడున్న నలుగురూ మాటలు ఆపేశారు.

మాజీ సర్పంచ్ యాదగిరి ఐలేశాన్ని, నర్సింగమ్మను పోచమ్మ గుడి ముందుకు పిలిచాడు. ఐలేశం నెత్తిమీద రెండు బిందెల నీళ్లు పోసుకొని, తడిబట్టలతో అమ్మవారి ముందు ప్రమాణం చేయాలి. చేస్తే ఊళ్లో మాట అక్కడితో తెగిపోతుంది.

పోయేముందు అండాలు చెవిలో చెప్పింది. "మంత్రం చేయలేదను. నిజమే గద. ఎన్కకు తొక్కిచ్చింది ఎవ్వలకు ఎర్క?"

గుడి దగ్గర యాదగిరి తొందర పెట్టాడు. "మంత్రం గింత్రం చేయలేదని ఒక్క మాట అను ఐలేశం, అయిపోతది. నాకు అవతల పెండ్లికి పోయేదున్నది."

మంత్రం ఎట్లా చేస్తారో ఐలేశానికి నిజంగానే తెలియదు. ఒక్క మాటంటే బండికి లోళ్లూ వస్తాయి, పేరూ నిలుస్తుంది. చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎదురుగా నర్సింగమ్మ. నిరోషను దవాఖాన నుంచి ఇంకా పంపలేదు; రెండు రోజులు అక్కడి వరండాలో పడుకున్న చీరే నర్సింగమ్మ ఒంటిమీద ఉంది.

"మంత్రం చేయలేదు," అని ఆగాడు. మళ్లీ తనే అన్నాడు. "కానీ ఎప్పటిలెక్క ముందటికి తొక్కియ్యలే. మీ గేటు దిక్కు ఎన్కకు తొక్కిచ్చిన. నా బండి దిష్టి మీ ఇంటి దిక్కు పోవాలె అనుకున్న."

అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్సింగమ్మ గొంతు పెంచలేదు. "ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నదని యాదికి రాలేదా?"

"రాలేదు వదినె. బండే యాదికున్నది."

"సరే, ఒప్పుకున్నడు గద," అంటూ యాదగిరి ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. ఐలేశం తడిబట్టలతోనే ఇంటికి నడిచి, మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసుకున్నాడు.

"బట్టలన్న మార్చుకో," అంది వెనకే వచ్చిన అండాలు.

"బండి హోటల్ కాడ పెట్టొస్త. ఇగ ఈడ వద్దు."

"మళ్ల బ్యాటరీ ఎత్కపోతరు."

"పోనీ."

బండిని బయటికి తీయాలంటే మళ్లీ వెనక్కే రావాలి. వేరే దారి లేదు. అద్దంలో చూస్తే నర్సింగమ్మ అప్పటికే వచ్చి తన గేటుకు అడ్డంగా నిలబడి ఉంది. అతను దిగాడు.

"జర పక్కకు జరుగు వదినె."

"నేనీడనే ఉంట. నువ్వు చూసుకుంట తియ్యి."

ఆమె రానీ అనలేదు, ఆపు అనలేదు. ఐలేశం మూడుసార్లు దిగి చూసి, మూడుసార్లు ఎక్కి, బెత్తెడు బెత్తెడుగా వెనక్కి తీశాడు. తడి కాలు క్లచ్చు మీద జారుతుంటే గట్టిగా అదిమిపట్టి, అద్దంలోని ఆమె ముఖం మీదినుంచి చూపు తీయలేదు.