తిన్నదంతా ఎక్కడికి పోతోంది

మా ఆయన ఒంట్లో నొప్పి లేని చోటు చెవితమ్మె ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో అది కనిపెట్టి ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఫైబ్రోమయాల్జియా అంటే అంతే మరి. వాపుండదు, గాయముండదు, చొక్కా రాసుకున్నా ఒళ్ళు మండుతుంది.

"తిండి దీనికి మందు కాదమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ కదలకుండా కూర్చుంటే కండ కరుగుతుంది, అప్పుడు ఇంకా కష్టం. పూటపూటా కాస్త ప్రోటీన్ పడనివ్వు. మెల్లగా నడిపించు."

ఇక నా వంటిల్లు గుడ్లతో, పప్పుతో, పెరుగుతో కళకళలాడింది. ఆయన ఆగకుండా మెట్లెక్కిన రోజు నేను పొయ్యి దగ్గరే గంతులేశాను.

చిక్కల్లా బావగారితోనే. ఆయనది సోఫాల షాపు. మా ఆయన అక్కడ కవర్లు కుడతారు, బరువులు మోయరు. బావగారి లెక్కలో అది ఒళ్ళు దాచుకోవడం. నాకైతే కోడిపెట్ట అని పేరు పెట్టారు.

ఆ మధ్యాహ్నం వేడి డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి గుమ్మానికి అడ్డంగా మూడు సీట్ల సోఫా ఉంది.

"వచ్చిందిరా కోడిపెట్ట. ఇవాళేం తెచ్చావమ్మా?"

"గుడ్లు, పప్పు. మీకూ తెచ్చాను బావగారూ."

"నాకెందుకు? నేను పనిచేసి తింటాను." డబ్బా లాక్కుని తమ్ముడి ముఖం ముందు ఆడించారు. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. తిన్నదంతా ఎక్కడికి పోతోందిరా? పట్టు ఆ చివర."

"మోస్తే రేపు మిషన్ మీద కూర్చోలేను అన్నయ్యా."

"అయితే రేపట్నుంచి రాకు. మిషన్ ఇంకొకడికిస్తా."

మా ఆయన ముఖం పాలిపోయింది. ఆయన ఒళ్ళు ఒప్పుకునే పని ఆ కుట్టుపని ఒక్కటే. వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నారు.

బావగారు డబ్బా గోడకేసి కొట్టి, ఆయన్ని మెడపట్టి లేపి, సోఫా చట్రం మీదికి తోశారు. నుదురు చిట్లింది. ఆయన అరిచింది ఆ దెబ్బకి కాదు, మెడ మీదున్న వేళ్ళకి. అది బావగారికి తెలియదు.

"నటించకు," అంటూ వీపు మీద మోకాలు పెట్టి అదిమారు.

మా ఆయన తల వెనక్కి విసిరారు. బావగారి ముక్కు పగిలింది. కొత్త కవరు మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. అవి చూడగానే ఆయనకు పిచ్చెక్కి, తమ్ముడి పక్కటెముకల మీద గుద్దారు. ఊపిరందక నోరు తెరిస్తే, మళ్ళీ గుద్దారు.

నా కాళ్ళ దగ్గర ఇంకా బిగించని సోఫా కాలొకటి పడి ఉంది. నేను డిగ్రీ చదివినదాన్ని, ఈగను కూడా కిటికీలోంచి మర్యాదగా సాగనంపేదాన్ని. ఆ కాలు తీసి బావగారి మోచేతి మీద బలంకొద్దీ వేశాను. టక్కుమంది. రెండోది భుజం మీద పడింది. ఆయన కూలబడ్డారు. మూడోసారి ఎత్తితే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"చాలు."

"చెయ్యి విరగ్గొట్టిందిరా మీ ఆవిడ," అని మూలిగారు బావగారు.

"తిన్నది ఎక్కడికి పోతోందన్నావుగా," అన్నారు మా ఆయన, ఒక్కో మాటకీ ఆగుతూ. "పొద్దున లేచి ఇక్కడిదాకా నడవడానికి పోతోంది. అక్కడితో సరి. నేను రేపూ వస్తాను, కుట్టడానికి. మళ్ళీ నా మీద చెయ్యేస్తే ఈవిణ్ణి ఆపను."

బావగారు సోఫా వైపు చూశారు, వేలాడుతున్న తన చెయ్యి వైపు చూశారు. ఎడంచేత్తో ఫోన్ తీశారు.

"ఇవాళ పంపలేనండి. మోయడానికి మనుషుల్ని పెట్టుకోవాలి." ఫోన్ పెట్టేసి నెత్తురు ఉమ్మారు. "రేపు రా. దీన్ని మాత్రం తీసుకురాకు."

"డబ్బా తెచ్చేది నేనే కదా బావగారూ," అన్నాను.

మా ఆయన మిషన్ ముందు కూర్చుని, నెత్తురు పడిన కవరు కుట్లు ఒక్కొక్కటీ విప్పసాగారు.