కాఫీ మర చప్పుడు

దావీదు పంతులు మంచి చేయబోయి కొంప ముంచాడు. మిర్యాలగూడకు పనిమీద వెళ్తూ ఇంట్లో ఉన్న కాఫీ గింజలన్నీ మూటగట్టుకుపోయి, అక్కడి దుకాణంలో వేయించి పొడి కొట్టించుకొచ్చాడు. డబ్బా భార్య సరోజ చేతిలో పెట్టి, పట్టుచీర తెచ్చినవాడిలా నవ్వాడు.

"ఇగ పొద్దుగాల్నే మర తిప్పే బాధ ఖతం. అమ్మకు గూడ ఆ సప్పుడు పడ్తలేదాయె."

సరోజ మూలనున్న మర వైపు చూసింది. అయినా నవ్వింది.

సూర్యాపేట మిషను బంగళాలో వంట చేసే తండ్రి పెళ్లికిచ్చిన కాఫీ మర అది, దొరసాని వాడి వదిలేసినది. కోదాడలో వాళ్ల వీధి వీధంతా చాయ్ తాగేదే, కాఫీ కాచే ఇల్లు ఇదొక్కటే. అప్పటికప్పుడు వేయించి ఆడిన పొడికే ప్రాణముంటుందని, డబ్బాలో నిలవున్నది పీనుగతో సమానమని తండ్రి అనేవాడు. ఆ మాట నిజమే. కానీ ఈమధ్య సరోజ మర తిప్పుతున్నది రుచి కోసం కాదు. వంటింటి గోడకవతల కొట్టంలో, గడ్డిమోపుల వెనక ఆమె తమ్ముడు మత్తయ్య దాక్కుని ఉన్నాడు.

రజాకార్లు పోయారని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే, మత్తయ్యలా కమ్యూనిస్టు సంఘంలో తిరిగినవాళ్ల కోసం మిలిటరీ ఊళ్లను జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. గరిడేపల్లి పొలాల్లో వానకు నానినానీ మత్తయ్యకు దగ్గు పట్టుకుంది. తెల్లవారితే చాలు, తెరలు తెరలుగా వస్తుంది. సరిగ్గా ఆ వేళకే పోలీసు అమీను సాబు క్యాంపుకు పోతూ కాఫీ కోసం ఈ అరుగెక్కుతాడు. వద్దని చెప్పే ధైర్యం ఎవరికుంది? అతని బూట్లు వినిపించగానే సరోజ మర అందుకునేది. దగ్గు ఆగేదాకా తిప్పేది.

భర్తకు చెప్పలేదు. కడుపులో ఉన్నదంతా మొహంలో కనిపించే మనిషి. అత్త బక్కమ్మకైతే అసలే చెప్పలేదు. "పొద్దుగాల్నే ఈ గరగరేందమ్మా, నా చెవులు పగుల్తున్నయ్" అని అరుగు మీద కూర్చుని వీధి వీధంతా వినేలా దండకం చదివే నోరది. దానికి తెలిస్తే టముకు వేసినట్టే.

మర్నాడు పొద్దున దావీదు బడికి వెళ్లాడు. సరోజకు కాలు నిలవలేదు. పొయ్యి రాజేసింది, మళ్లీ ఆర్పింది. డబ్బా మూత తీసింది, పెట్టింది. కొట్టంలోకి తొంగిచూసి, "నోట్ల గుడ్డ కుక్కుకో తమ్మీ" అని బతిమాలింది. వాడు తలూపాడు. ఊపినంత తేలికా ఆపుకోవడం?

బూట్లు వినిపించాయి.

"పంతులమ్మా, కాఫీ!"

అప్పుడే గోడవతల దగ్గు మొదలైంది. సరోజ గబుక్కున వట్టి మరనే పట్టుకుని తిప్పింది. గింజ లేని మర గలగలమంది. దగ్గు దాని సందుల్లోంచి బయటికి పోతూనే ఉంది.

"మర ఏంది, ఇయాల గట్ల మోగుతంది?" అన్నాడు అమీను.

బక్కమ్మ మోకాళ్ల మీద చేతులూని లేచింది. ఆమె వంటింటి వైపు రావడం చూసి సరోజ మరను ఇంకా గట్టిగా తిప్పింది. అయిపోయింది అనుకుంది. బక్కమ్మ మాత్రం చాటలోని జొన్నలు గుప్పెడు తీసి మరలో పోసింది.

"తిప్పు!" అని గొణిగి, వెంటనే గొంతు పెంచింది. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పుట్టింటోళ్లు పెట్టిందే ఈ గరగర! సాబ్, జర మీరన్న చెప్పుండ్రి!"

మర గరగరమంది. అమీను పడీపడీ నవ్వాడు. ఆ నవ్వూ, ఆ తిట్లూ, ఆ జొన్నలూ కలిసి దగ్గును మింగేశాయి.

సరోజ డబ్బా పొడితో కాఫీ కాచిచ్చింది. అమీను ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"గింత సేపు తిప్పినా రుచి లేదేంది?"

"పాత గింజలు సాబ్, సారం సచ్చినయ్" అంది బక్కమ్మ తడుముకోకుండా.

"మా క్యాంపుల కొత్త గింజలున్నయ్. రేపు పంపిస్త. మంచిగ ఆడి పెట్టమను."

బూట్లు వీధి మలుపు తిరిగాక సరోజ అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"నీకు తెలుసా అత్తమ్మా?"

"కొట్టంల గొడ్డు లేకపాయె. గిన్నెల అన్నం అటెందుకు పోతున్నదో తెలువదా?"

"మరి దినాం నన్ను తిట్టుడెందుకు?"

"నువ్వొక్కదానివి ఎంతసేపని తిప్పుతవ్ బిడ్డా? నీ చెయ్యి ఆగినప్పుడు నా నోరన్న నడవాలె గద."

సరోజ ఆ మోకాళ్లలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆ నోటిని ఎంత తిట్టుకుంది!

గోడవతల మళ్లీ దగ్గు తెర లేచింది. బక్కమ్మ కోడలి తల నిమురుతూనే వీధి వైపు మొహం తిప్పి, గొంతెత్తి తిట్లు అందుకుంది.