పడమటి గదిలో గురువారం

తిరువూరులో ఆ ఇంట్లో అద్దెకెవరూ నిలవరన్న సంగతి శర్వాణికి ఇల్లు చూడబోయిన రోజే తెలిసింది. ఇంటాయన వెంకటాద్రి చెప్పలేదు. ఆయన గాలీ వెలుతురూ గురించి, కుళాయి నీళ్ళ గురించి ఎంతసేపైనా చెప్తాడు గాని ఇలాంటివి నోట రానివ్వడు. చెప్పింది నిరుడే పక్కింట్లో దిగిన కరుణశ్రీ. ఆయన తాళం తీస్తుండగానే గోడ మీంచి తొంగిచూసి మొదలుపెట్టింది.

"గురువారం పొద్దుగూకేసరికి పడమటి గదిలో ఊదు పొగ వాసన వస్తుందండి. లోపల మనిషుండరు. ఎవరో గొణుగుతున్నట్టు కూడా వినపడుతుంది. నిరుడున్నవాళ్ళు మూడు నెలలు తిరక్కుండానే సామాను ఆటోకెత్తారు. మీరు ఒక్కరే ఉంటారంటున్నారు, అందుకని చెప్తున్నా."

బళ్ళో సైన్సు చెప్పే మనిషి ఆ మాటకు నవ్వి ఊరుకోవాలి. శర్వాణి నవ్వలేదు. ఇల్లు నచ్చిందండీ, రేపే దిగుతాను అంది. ఇంత తేలిగ్గా కుదురుతుందని ఆయన అనుకోలేదు కాబోలు, ఇంకాసేపు నిలబడితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని తాళంచెవులు చేతిలో పెట్టి గబగబా వెళ్ళిపోయాడు.

ఆమెకు ధైర్యం ఎక్కువ అనుకుంటే పొరపాటు. ఆమెకు దయ్యం కావాలి. ఎవరితోనూ అనలేదు గాని, నిజం అదే. ఏడాది కిందట ఆమెకు నెలలు నిండకుండానే పాప పుట్టింది. విజయవాడ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో కొన్నాళ్ళు ఊపిరి తీసి, బారసాల రాకముందే పోయింది. భర్త చైతన్య, వాళ్ళ బాబాయి తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. ఎక్కడ పెట్టారని తల్లి అడగకూడదన్నారు పెద్దవాళ్ళు. పసిగుడ్డుకి కర్మలు లేవు, తద్దినం లేదు, గోడకి పటం లేదు. మళ్ళీ కడుపున పడుతుందిలే అని అందరూ ఒకే మాట అని, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. చైతన్య దగ్గర పాప ఊసెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. చివరికి ఆమె బదిలీ పెట్టుకుని ఒక్కతే ఈ ఊరు వచ్చేసింది.

పోయినవాళ్ళలో ఒక్కరైనా, ఏ ఇంట్లోనైనా, ఏ రూపంలోనైనా మిగిలి ఉన్నారని తేలితే చాలు, తన పాప కూడా ఎక్కడో ఉన్నట్టే. సైన్సు టీచరుకి ఇంతకన్నా సిగ్గుచేటైన ఆశ ఉండదు. ఆమె సిగ్గుపడింది కూడా. అయినా వదులుకోలేకపోయింది.

మొదటి గురువారం బడి నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా పడమటి గదిలో కూర్చుంది. ఆ గదికి ఒకటే కిటికీ, దానికి మేకులు కొట్టేసి ఉన్నాయి. మసీదులో అజాన్ అయింది. కాసేపటికి సన్నగా ఊదు వాసన వచ్చింది. ఆ వెనకే గొంతు, మాటలు తెలియని గొంతు. శర్వాణి లేచి నిలబడింది. "ఎవరూ?" అంది. గొంతు టక్కున ఆగిపోయింది. ఆమె అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చింది. భయంతో కాదు, సంతోషంతో.

కానీ చదువు ఊరికే ఉండనివ్వదు కదా. ఉన్నదనుకున్న దయ్యాన్ని లేదని తేల్చడానికి తిరిగేవాళ్ళను చూశాం. ఈవిడ ఉందని తేల్చడానికి తిరిగింది. కరుణశ్రీని అడిగితే, "మేం చర్చికి పోయేవాళ్ళం, మా ఇంట్లో సాంబ్రాణి ఎందుకుంటుందండి" అంది. వెనకింట్లో హనుమయ్య గురువారం గురువారం బాబాకి పూజ చేస్తాడని తెలిసి, రెండో గురువారం వాళ్ళింటికే వెళ్ళి కూర్చుంది. పూజ పొద్దున్నే అయిపోయింది, సాయంత్రం అగ్గిపుల్లయినా గీయలేదు. తిరిగొచ్చేసరికి పడమటి గదిలో మాత్రం ఊదు వాసన ఉంది. ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని వెంకటాద్రిని అడిగితే, "అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అంటూ చొక్కా గుండీ కేసి చూసుకున్నాడు. ఒక్కో కారణం కొట్టుకుపోతున్నకొద్దీ ఆమెకు ఆశ పెరిగింది. ఆ రోజుల్లో కడుపునిండా అన్నం తింది, పిల్లల మీద కోప్పడటం మానేసింది.

ఇక మిగిలింది కిటికీ వెనకున్న సందు. ఒక మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు, నిండా పగిలిన పెంకులు, పిచ్చిమొక్కలు. అక్కడ చూడకుండా ఉంటే బాగుండునని మనసు లాగింది. చూడకుండా నమ్మితే అది నమ్మకం గాని రుజువు కాదని రోజూ పిల్లలకు చెప్పేది తనే. మూడో గురువారం అజాన్ అయ్యాక చెప్పులు విడిచి సందులోకి వెళ్ళింది.

కిటికీ కింద ఒకామె నల్లటి బురఖాలో చేతులు రెండూ చాచి, పెదవులు కదుపుతూ నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర డబ్బా మూతలో నిప్పులు, వాటిమీద ఊదు. కిటికీ గట్టు మీద గ్లాసుడు చక్కెర నీళ్ళు.

"అరవమాకండమ్మా," అంది ఆమె వెనక్కి జరుగుతూ. "నేను దొంగని కాదు. ఎల్లిపోతున్నా."

శర్వాణికి మొదట వచ్చింది కోపం. దయ్యం కోసం ఇన్నాళ్ళు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, చివరికి మనిషి. పాప మళ్ళీ ఇప్పుడే పోయినట్టయింది. "మీరా? ఇన్నాళ్ళూ మీరేనా?" అంటూ ఆ పెంకుల్లోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తన వల్ల జడుసుకుందనుకుని ఆ బురఖా మనిషి పక్కనే కూర్చుని వీపు నిమిరింది.

ఆమె పేరు గౌసియాబీ. భర్త మొహిద్దీన్ ఆటో తోలతాడు. వెంకటాద్రి ఇంట్లో వాళ్ళు ఏళ్ళ తరబడి అద్దెకున్నారు. పెద్ద కొడుకు సైఫుల్లా విషజ్వరంతో ఈ గదిలోనే కళ్ళు మూశాడు.

"ఆ గది చూడలేకపోతున్నానని మా ఆయన నలభయ్యో రోజు వాడి పేరున చదివే ఫాతెహా అవకముందే ఇల్లు మార్చేశాడమ్మా. తప్పు చేశాం. నలభై రోజులు వాడు ఇక్కడే తిరుగుతుంటాడంట. ఆ తర్వాత కూడా జుమేరాత్ నాడు, మీ గురువారం సాయంత్రం, పోయినోళ్ళు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడతారంట, మనవాళ్ళు మన పేరున ఏమన్నా చదువుతారేమోనని. మేం బస్టాండు అవతలికి మారామని వాడికెవరు చెప్తారు? అందుకే వస్తున్నా. మీకు ముందున్నోళ్ళు భయపడి పోయారని తెలిసి రావద్దనుకున్నా గానీ, ఉండలేకపోయా."

శర్వాణి లేచి, ఆమె చెయ్యి పట్టుకుంది. "లోపలికి రండి."

గడప దగ్గర గౌసియాబీ ఆగిపోయింది. తర్వాత పడమటి గదిలోకి వెళ్ళి, ఒక మూల నేలను అరచేత్తో తడిమింది. మంచం అక్కడే ఉండేదట. సందులోంచి తెచ్చుకున్న నిప్పుల మీద ఊదు వేసి, గ్లాసు ముందు పెట్టుకుని చదివింది. చివర కొడుకు పేరు చెప్పింది. కళ్ళు తుడుచుకుని శర్వాణి వైపు తిరిగింది.

"మీకూ ఎవరో పోయారు కదమ్మా? ఏడుపు చూస్తే తెలిసింది. పేరు చెప్పండి, చదువుతా. తప్పో ఒప్పో అల్లా చూసుకుంటాడు."

"పాప. బారసాల కాలేదు. పేరు లేదు." శర్వాణి ఆ మూల కేసి చూస్తూ, "దానికి ఏ ఇంటికి రావాలో కూడా తెలియదండి. ఆసుపత్రి నుంచి ఇంటికే రాలేదు" అంది.

గౌసియాబీ నిప్పుల మీద ఇంకాస్త ఊదు వేసింది.

"మీ పేరేంటమ్మా?" అని అడిగింది.

"శర్వాణి."

గౌసియాబీ మళ్ళీ చేతులు చాచి మొదటి నుంచి చదివింది. తన కొడుక్కి చదివినంతా, ఒక్క ముక్క తగ్గించకుండా చదివింది. పేరు చెప్పాల్సిన చోటుకి వచ్చి, "శర్వాణి బిడ్డ" అంది.

పాప పుట్టాక ఆ మాట ఎవరూ అనలేదు. ఆసుపత్రి వాళ్ళు కేసన్నారు, పెద్దలు పసిగుడ్డన్నారు, చైతన్య ఏమీ అనలేదు. శర్వాణి దయ్యాలను నమ్మడం మానేసి ఇంకా గంటయినా కాలేదు. పాప ఎక్కడా లేదని, ఏ గురువారమూ ఏ గుమ్మంలోనూ నిలబడదని ఆమెకిప్పుడు బాగా తెలుసు. అయినా గౌసియాబీ చేతులు రెండూ పట్టుకుంది.

"ఇంకొక్కసారి అనండి," అంది.