ధోతికి నప్పని పిస్తోలు

పానగల్‌లో గొర్ల అంజన్నకు పిస్తోలు లైసెన్సు వచ్చిందంటే ఎవరూ నమ్మరు, అందుకే ఎవరికీ చెప్పలేదు. అసలు కారణం అది కాదు లెండి. మూడేళ్ల కింద పట్టపగలు ట్రాలీ ఆటోలో వచ్చిన దొంగలు ఆరు పొట్టేళ్లను ఎక్కించుకుపోతుంటే, తుమ్మచెట్టు వెనక నిలబడి చూశాడు. అప్పటినుంచి మంద వెంట ఒంటరిగా పోవడం మానేశాడు. భార్య గుర్వమ్మ ఏదో ఒక వంకతో వెంట వస్తుంది, ఎందుకు వస్తుందో మాత్రం ఇద్దరూ మాట్లాడుకోరు. పిస్తోలు సంగతి బయటపడితే అతని భయం సంగతీ బయటపడుతుంది. ఆ ఎగతాళిని తలుచుకుంటేనే అతనికి అన్నం సయించదు.

హైదరాబాద్ దుకాణంలో పిస్తోలును ఎంచుకోవడం కష్టం కాలేదు. చేతిలో ఇమిడే చిన్నది, బరువు తక్కువది తీసుకున్నాడు. తంటా అంతా దాన్ని పెట్టుకునే ఒరతోనే. దుకాణదారు చూపిన ఒరలన్నీ బెల్టుకు తగిలించేవే. అంజన్న కట్టేదేమో ధోతి. మొలతాడుకు కడితే ఆగదా అని అడిగితే, ఆ పెద్దమనిషి ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు.

ఇక గుట్టు ఒకరికి విప్పక తప్పలేదు. ఆ ఒకరు చిన్ననాటి దోస్తు, దర్జీ వహీద్.

"మొలతాడుకు వద్దు అంజన్నా. తుపాకి గుంజవోతే ధోతి ఊడొస్తది. దొంగలు గది జూసే ఉరుకుతరు గని, నీ ఇజ్జత్ పోతది," అన్నాడు వహీద్.

"నవ్వకు వహీద్ భాయ్. నాలుగు రోజులల్ల దసరా. జమ్మి వెట్టి ఊరంత అలుముకొని అలాయ్ బలాయ్ తీసుకుంటది. ఒక్కనికి గుడ తగలొద్దు."

వహీద్ బనీనుకు చంక కింద సంచి కుట్టి, అంజన్నను అలుముకుని చూశాడు. తగిలింది. పొట్ట మీదికి మార్చి మళ్లీ అలుముకున్నాడు. ఇంకా బాగా తగిలింది. అయిదోసారి అలుముకున్నప్పుడు గుర్వమ్మ గడపలో నిలబడి ఉంది.

"ఏందిది, మీ ఇద్దరికి దసరా ఇయ్యాల్నే వచ్చిందా?"

చివరికి నడుము వెనక, దూది పెట్టి కుట్టిన సంచి కుదిరింది. పండుగనాడు అంజన్న తూటాలను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఉత్త పిస్తోలును మాత్రం వెంట తీసుకున్నాడు. ఇంట్లో వదిలితే దొంగలెత్తుకుపోతారని దాని గురించీ భయమే!

జమ్మి దగ్గర మొదట ఎదురైంది జంగయ్య. అతనివీ గొర్లే. ఆ రోజు నేనుంటే ట్రాలీని ఎత్తి కుదేసేవాణ్ణని మూడేళ్లుగా కల్లు దుకాణంలో చెబుతున్న ఘనుడు. అంజన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి, విచిత్రంగా వంగి అలుముకున్నాడు. అంజన్న పొట్టకు ఏదో గట్టిగా తగిలింది. అదే క్షణంలో జంగయ్య చెయ్యి అంజన్న నడుము వెనక ఆగిపోయింది.

"ఏంది బావా గిది?"

"నీదేందో ముందు జెప్పు."

జంగయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కత్తి. నావి గుడ తొమ్మిది వోయినయి. రాయి సాటుకు పండుకున్న, లేవనే లేదు. ఎవ్వనికి జెప్పకు బావా, నీ కాల్మొక్త."

అంజన్నకు కోపం రాలేదు. మూడేళ్లుగా గుండె మీద మోస్తున్న బరువును ఎవరో ఎత్తి దించినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. తల తిప్పి చూస్తే, ఊళ్లో మగవాళ్లంతా జానెడు దూరం పెట్టుకునే అలుముకుంటున్నారు.

"రేపటి సంది రెండు మందలు కలిపి తోలుదమా?" అన్నాడు.

"ఎన్నడో అడుగుదమనుకున్న," అన్నాడు జంగయ్య. "సిగ్గయింది."