రెండు వేళ్ల గుడ్డ

పొద్దున్నే మేడ్చల్ బస్ డిపో ఎదురు సందులో, తన ఒక్క మిషను ముందు కూచుని భిక్షం చిన్నపిల్ల గౌనుకు చంక కుట్టు వేస్తున్నాడు. అది అత్వెల్లి ఇందిరమ్మ మనవరాలిది. సాయంత్రానికల్లా కావాలని పట్టుబట్టి కూచుంది మహాతల్లి. భిక్షానికి యాభై రెండేళ్లు. కత్తెర పట్టి పట్టి కుడి బొటనవేలు పక్కకు వంగిపోయింది. కనుబొమల మీద ఎప్పుడూ నాలుగు నూలు పోగులుంటాయి. కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి వదిలాడు. పిల్లలన్నాక ఎదుగుతారు, వచ్చే ఏడు కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా ఆయన చేతిది ఇదే వరస.

గౌను మేకుకు తగిలించి లేచేసరికి ఛాతీ పట్టేసినట్టయింది. గ్యాసేలే అనుకుని సోడా తాగి కొంపల్లి బస్సెక్కాడు.

ఆరు నెలలుగా రోజూ ఇదే ప్రయాణం. రెడీమేడ్ దుకాణాలొచ్చాక ఆయనకు చిరుగులు అతికే పనే మిగిలింది. అప్పుడు ప్యాంటు పొట్టి చేయించుకోను వచ్చాడు అన్వేష్. కొంపల్లిలో కంప్యూటర్ మీద వీడియో గేముల బొమ్మలకు బట్టలూ జుట్టూ చేయడం నేర్పే కుర్రాడు. టేపు ముట్టకుండా గుడ్డ కోసే చేతిని చూసి ముచ్చటపడ్డాడు. తన దగ్గరి పిల్లలకు మడత ఎక్కడ పడుతుందో తెలియదని, కాకా నేర్చుకుంటే ఉద్యోగం చూపిస్తానని అన్నాడు. విన్నవాళ్లంతా నవ్వారు. గుడ్డే లేని కుట్టేందని భార్య పద్మమ్మా నవ్వింది.

నవ్వితే నవ్వనీ, నేర్చుకున్నాడు. తెరమీద ముక్కలు గీసి అంచుకు అంచు కలిపితే అవే బొమ్మ ఒంటికి చుట్టుకుంటాయి. జుట్టే ఆయన్ని ఏడిపించింది. తెరమీదే సన్నటి పట్టీలకు వెంట్రుకల చిత్రం అతికించి ఒకదానిమీద ఒకటి పేర్చాలి. పద్మమ్మ జడ వేసుకుంటుంటే వెనకాల నిలబడి, పాయ ఏది పైకొస్తోందో ఏది కిందికి పోతోందో చూసేవాడు. ఈ వయసులో ఇదేం పాడుబుద్ధని ఆమె కసిరేది.

ఈరోజు పరీక్ష పని. పదేళ్ల పల్లెటూరి పిల్ల బొమ్మకు గౌను, జడ. మధ్యాహ్నం పన్నెండుకు పంపాలి. కంపెనీవాళ్లు ఒక్కసారే చూస్తారు. నచ్చితే ఒకటో తారీఖు నుంచి ఉద్యోగం, నచ్చకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు. జడ చూసి అన్వేష్ మురిసిపోయాడు. టైము మించుతోందని, బొమ్మ చెయ్యి ఎత్తించి చూడకుండానే పంపేశారు.

మూడింటికి కంపెనీ నుంచి ఫోనొచ్చింది. అన్వేష్ వచ్చి తెరమీద బొమ్మ చెయ్యి పైకెత్తించాడు. చంకలో చర్మాన్ని చీల్చుకుని గుడ్డ బయటికొచ్చింది.

లోపల మడిచిన రెండు వేళ్ల గుడ్డ! తెరమీద వద్దు వద్దని అన్వేష్ మొత్తుకుంటే ఎప్పుడో మానుకున్న అలవాటది. ఇవాళ తొందరలో పొద్దుటి గౌను కుట్టిన చెయ్యి తెరమీద కూడా అదే పని చేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు.

"గా పిల్ల పెరగది కాకా. ఎన్నేండ్లయినా గంతే ఉంటది."

"ముప్పై ఏండ్ల చెయ్యి బిడ్డా. పోరి ఎదుగుతది గదా అనుకున్నది."

ఇంకోసారి చేసి పంపితే చూడరా అని అడిగాడు. ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారని చెప్పి అన్వేష్ తెర ఆర్పేశాడు.

తిరుగు బస్సులో భిక్షం కిటికీ పక్కన కూచున్నాడు. పద్మమ్మకు ఏ మొహం చూపించాలో తోచలేదు. కుర్రాళ్ల మధ్య ఆరు నెలలు పిల్లాడిలా కూచుని చదువుకున్నాడు. తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఛాతీ మళ్లీ పట్టేసింది. తల కిటికీ చువ్వకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

మేడ్చల్‌లో అందరూ దిగారు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు భుజం తట్టాడు. రెండోసారి తట్టాక డ్రైవర్‌ను పిలిచాడు.

దినాలయ్యాక పద్మమ్మ దుకాణం షట్టరెత్తి ఎవరి గుడ్డలు వాళ్లకిచ్చింది. ఇందిరమ్మ మాత్రం రాలేదు. చచ్చినోడి చేతి గౌను పిల్లకెందుకని కొంపల్లిలో రెడీమేడ్ కొనేసిందట. మేకుకు ఆ గౌను అలాగే వేలాడుతోంది. దాని చంక కుట్టు లోపల, వచ్చే ఏటికని మడిచిపెట్టిన రెండు వేళ్ల గుడ్డ ఉంది.