వసారాలో మంచం

కల్లంలో తాలుకాయలు ఏరుతూ కోటిరత్నం తుమ్మింది. ఎండుమిరప ఘాటుకు తుమ్మనివాళ్లంటూ ఉండరు. కూలికొచ్చిన ఆడవాళ్లంతా తుమ్మి, ముక్కు తుడుచుకుని పనిలో పడుతున్నారు. రెండో కాన్పు అయిన దగ్గర్నుంచీ కోటిరత్నానికి మాత్రం తుమ్మితే చీర తడుస్తోంది.

"మళ్లీ కారిందా?" అని మొగుడు బుల్లయ్య అంతమందిలో పగలబడి నవ్వాడు. అదే మగతనమనుకుంటాడు ఆ మహానుభావుడు. వాసనొస్తోందని అప్పటికే తన మంచం వసారాలోకి మార్చేశాడు.

"మేం కనలేదా? మాకిట్టా కారిందా?" అంది అత్త వెంకటరావమ్మ. దగ్గొస్తే ఆవిడ కాళ్లు మెలేసుకుని నిలబడటం కోటిరత్నం చూడకపోలేదు. పచ్చి బాలింత చేత మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తించింది ఆవిడే. బుల్లయ్యకు హెర్నియా ఆపరేషనైనప్పుడు మాత్రం "నా బిడ్డ చెంబు కూడా ఎత్తకూడదు" అని మంచం దిగనివ్వలేదు. అప్పుడు ఆయనకు నీళ్లు పోసిందీ, గుడ్డలు ఉతికిందీ కోటిరత్నమే. ఆమె ఒక్కనాడూ నవ్వలేదు.

పిల్లకు సూది వేయించడానికి దర్శి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, సిగ్గు చంపుకుని నర్సు ఎలీసమ్మను అడిగింది.

"కాన్పుకి అడుగు కండరాలు సాగిపోతాయమ్మా. ఒంటేలు మధ్యలో ఆపుకుంటావే, అట్టా లోపలికి బిగించి వదులు. ఊపిరి బిగబట్టమాక. రోజూ చెయ్యి, నెలలు పడుద్ది. బరువులు ఎత్తమాక."

ఇంట్లో చెబితే, "కూర్చుని చేసే కసరత్తా? పనెగ్గొట్టడానికి మంచి వంకే!" అన్నాడు బుల్లయ్య.

కోటిరత్నం వాదించలేదు, టిక్కీ మీద మళ్లీ చెయ్యీ వెయ్యలేదు. "ఆపరేషనైనవాళ్లే కాదు, బిడ్డను కన్నవాళ్లు కూడా బరువులెత్తకూడదంట అత్తయ్యా" అని ఊరుకుంది. పొయ్యి దగ్గరా, ఉయ్యాల దగ్గరా కసరత్తు చేసుకుంది. అన్నం తింటూ ఆయన ఊరందరి తప్పులూ ఎంచుతుంటే, ఎదురుగా కూర్చుని బిగించేది, వదిలేది. ఆయన ఉపన్యాసాలు దేనికైనా పనికొచ్చాయంటే దానికే.

మరుసటేడు కల్లంలో మళ్లీ తుమ్మింది. లేచి, చీర వెనకవైపు తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. ఏడుపొచ్చింది, మిరప ఘాటు మీదకి నెట్టేసింది.

బుల్లయ్య అది చూశాడు. సాయంత్రం దిండు చంకన పెట్టుకుని గది గుమ్మంలోకి వచ్చాడు.

"బాగయ్యిందిగా. ఇంక లోపలే పడుకుంటాలే" అన్నాడు, వరమిస్తున్న దేవుడిలా.

కోటిరత్నం ఆ దిండు అందుకుంది. తిన్నగా వసారాలోకి తీసుకెళ్లి ఆయన మంచం మీద వేసింది.

"నాకు బాగయ్యిందండీ. మీకే ఇంకా కాలేదు."